ఒక్క వేసవి చక్రవర్తి

మా ఆయన రోమ్ చక్రవర్తి అయ్యాడని తెలిసినప్పుడు మా తెనాలిలో ఎవరూ నోరు వెళ్ళబెట్టలేదు. "అదేం వింతే హైమావతీ, ఆయన కట్టని రాజు వేషం ఏముంది గనక" అని మా వీధిలో ఆడవాళ్ళు తేలిగ్గా తీసిపారేశారు. వాళ్ళననడానికేం లేదు. మొదట్లో నేనూ అట్లాగే అనుకున్నాను. ఇదీ ఒక వేషమే, కడతాడు, కడిగేసుకుని ఇంటికొస్తాడు అనుకున్నాను.

మా ఆయన పేరు పిచ్చేశ్వరరావు. పద్య నాటకాల మనిషి. పురాణాల్లో ఎంతమంది రాజులున్నారో అందరి కిరీటాలూ ఆయన తల మీదికెక్కాయి. పద్య నాటకం చూడనివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. మాలో పద్యం బాగా పాడితే జనం "వన్స్ మోర్" అని అరుస్తారు. అరిస్తే ఆ పద్యం మళ్ళీ పాడాల్సిందే. రాజు యుద్ధంలో చచ్చి పడిపోయినా సరే, లేచి ఒళ్ళు దులుపుకుని, జనానికి దణ్ణం పెట్టి, అదే పద్యం మళ్ళీ ఎత్తుకుని మళ్ళీ చావాలి. మా ఆయన రేపల్లెలో ఒకే ఆటలో మూడుసార్లు చచ్చాడు. బయటివాళ్ళు నవ్వుతారు, నవ్వుకోనీండి. జనం అడిగితే చావు కూడా అడ్డం రాకూడదని మనసా వాచా నమ్మిన మనిషి ఆయన.

నేను ఏనాడూ ముఖానికి రంగు పూసుకోలేదు. నా పనంతా తెర వెనకే. ఆట అయ్యాక ఆయన లోపలికొచ్చి కూర్చుంటే ఎవరూ పలకరించకూడదు. ఇంకా రాజే అన్నమాట. నేను కొబ్బరినూనె చేతిలో పోసుకుని ముఖం మీది రంగు తుడుస్తాను. మొత్తం పోయాక "ఏమండీ, ఇంటికి పోదామా" అంటాను. "ఆఁ, పద" అంటాడు. అప్పుడు మా ఆయన మళ్ళీ మా ఆయన. పెళ్ళయిన నాటి నుంచి ఒక్క ఆట కూడా ఈ పద్ధతి తప్పలేదు.

అయితే ఆటలే తగ్గిపోయాయి. పందిట్లో కుర్చీలెక్కువ, మనుషులు తక్కువ. అట్లాంటి రోజుల్లోనే డాక్టర్ సువర్చల మా ఇంటికొచ్చింది. హైదరాబాదులో మెదడు మీద పరిశోధన చేసే ఒక ప్రయోగశాలకు ఆవిడ పెద్ద. నలభై దాటిన మనిషి, జుట్టు కత్తిరించుకుంది, మాట మాత్రం మా వైపుదే. మా వరండాలో కూర్చుని, నేనిచ్చిన మజ్జిగ తాగి, చల్లగా పెద్ద బాంబు పేల్చింది.

"సముద్రం అవతల ఒక దీవిలో సీసపు శవపేటిక దొరికింది హైమావతిగారూ. లోపలంతా సున్నం పోసి గాలి చొరకుండా మూసేశారు. అందులో ఉన్నది రోమ్ రాజ్యం కూలిపోయే రోజుల్లో ఒక్క వేసవి ఏలిన చక్రవర్తి. సెరేనస్ అని. అతని మెదడు పాడవలేదు. జ్ఞాపకాల గీతలు అట్లాగే ఉన్నాయి."

"ఉంటే?" అన్నాను.

"గ్రామఫోన్ రికార్డు చూశారుగా. గీతలున్నాయి గానీ తిప్పే పెట్టె లేదు. ఏ కంప్యూటరుకీ అవి అర్థం కాలేదు. బతికున్న మెదడొక్కటే దానికి పెట్టె. ఆ గీతల్ని బతికున్న మనిషి మెదడులోకి పంపే యంత్రం మేం తయారుచేశాం."

"మీ మెదడే పెట్టుకోకపోయారా తల్లీ? మా ఇంటిదాకా రావాలా?"

ఆవిడ కోపం తెచ్చుకోలేదు. "పెట్టుకున్నానండీ. వాంతులైనాయి, ఇంకేం రాలా. నా మనసు 'నేను సువర్చలని' అని గట్టిగా పట్టుక్కూర్చుంది. మా వాళ్ళందరి సంగతీ అంతే. ఇంకొకడికి చోటివ్వడం మాకెవరికీ చేతకాదు. అప్పుడు మా నాన్న గుర్తొచ్చారు. పొన్నూరులో ఆయన పక్కన చాప మీద కూర్చుని పిచ్చేశ్వరరావుగారి ఆటలన్నీ చూశాను నేను. ఇంకొకడికి చోటిచ్చి, మళ్ళీ ఇంటికొచ్చే మనిషి నాకు తెలిసి ఈయనొక్కరే."

అప్పుడు మా ఆయన ముందుకు వంగాడు. ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "ఈ వేషం నాకంటే ముందు ఎవరన్నా కట్టారా?"

"ఎవరూ కట్టలేదండీ."

"అయితే పదండి" అన్నాడు.

అంతే. బతుకంతా ఆయన ఏ వేషం కట్టినా ఫలానా పెద్దాయన అయితే ఇట్లా పాడేవాడు, అట్లా నడిచేవాడు అని పోలుస్తూనే ఉన్నారు. ఇన్నాళ్ళకు పోల్చడానికి ఎవరూ లేని రాజు దొరికాడు. ఆ ముఖంలో వెలుగు చూశాక వద్దని అనబుద్ధి కాలేదు.

షామీర్‌పేట దాటాక ఉంది ఆ ప్రయోగశాల. ఆవరణలోనే మాకు రెండు గదుల క్వార్టరు ఇచ్చారు. మొదటిరోజు తలకు పెట్టే యంత్రం తెచ్చారు. తీగలు వేలాడే ఇనప టోపీ అది. మా ఆయన దాన్ని రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. బొట్టు పెట్టమన్నాడు, కొబ్బరికాయ కొట్టమన్నాడు. ఇంజనీర్లు గోల పెట్టారు. "కిరీటానికి పూజ చెయ్యకుండా నెత్తిన పెట్టుకునేది లేదు" అని ఈయన భీష్మించుక్కూర్చున్నాడు. చివరికి కాయ బయట గుమ్మంలో కొట్టారు, బొట్టు మాత్రం టోపీకే పెట్టాను.

టోపీ పెట్టి మీట నొక్కిన కాసేపటికి మా ఆయన భుజాలు వంగాయి. ముఖం ఎవరిదో అయిపోయింది. గాలిలో ఊగుతున్నట్టు కుర్చీ చేతులు పట్టుకుని "ఓయి సైనికులారా! దించుడు! నన్ను క్రిందికి దించుడు! ధాన్యము కొలుచుకొనువాడను, రాజ్యమేలువాడను గాను!" అని అరిచాడు.

పాత భాషేదో వింటామని కూర్చున్న పరిశోధకుల ముఖాలు వాడిపోయాయి. సువర్చల మాత్రం కళ్ళు మెరుస్తుండగా అంది, "జ్ఞాపకం అతనిది, నోరు మన తెనాలిది. రాజు మాట్లాడాలంటే ఈ నోటికి తెలిసిన పద్ధతి ఇదొక్కటే."

అట్లా మొదలైంది. కథ మాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. సెరేనస్ సైన్యానికి తిండిగింజలు సరఫరా చేసే ఉద్యోగి. పాత చక్రవర్తి చచ్చిపోతే, సిగిమర్ అనే సేనాపతి తాను పరాయి జాతివాడు గనక గద్దెనెక్కలేక, చెప్పినట్టు వినేవాడొకడు కావాలని ఇతన్ని ఎంచాడు. సైనికులు డాలు మీద నిలబెట్టి పైకెత్తారు. చక్రవర్తికి గుర్తుగా కప్పే ఊదారంగు వస్త్రం దొరక్కపోతే ఏదో గుడిలో ఆ రంగు తెర చింపి కప్పారు.

మధ్యలో శ్రుతి లేక మాట తడబడుతోందని మా ఆయన సణిగితే తెనాలి నుంచి ఖాదర్ అన్నయ్యను పిలిపించారు. ఆయన హార్మోనియం లేకుండా మా ఆయన పెదవి విప్పడు. శ్రుతి పట్టగానే చక్రవర్తి ఇంకా తేటగా వచ్చాడు. "బావకు దయ్యం పట్టినా నా పెట్టె కావాలి చెల్లెమ్మా" అని ఖాదర్ అన్నయ్య నవ్వాడు. మేమందరం నవ్వాం.

ప్రతి ఘట్టం అయ్యాక నేను నూనె గిన్నెతో వెళ్ళేదాన్ని. ముఖాన రంగు లేకపోయినా తుడిచేదాన్ని. "ఏమండీ, ఇంటికి పోదామా" అనేదాన్ని. "ఆఁ, పద" అనేవాడు. అప్పుడు మీట కట్టేసేవాళ్ళు. ఆ మాట రాకుండా మీట కట్టేసినా, టోపీ లాగినా ప్రాణానికే ముప్పని సువర్చల ముందే చెప్పింది. ఇంకోటి కూడా చెప్పింది.

"ఒక్కో ఘట్టం ఒక్కసారే. ఏ ఒక్కటీ రెండోసారి నడపకూడదు. పచ్చికలో ఒకసారి నడిస్తే గడ్డి వంగి మళ్ళీ లేస్తుంది. వెంటనే మళ్ళీ అదే దారిన నడిస్తే బాట పడుతుంది. అప్పుడు అతని జ్ఞాపకం ఈయనదై కూర్చుంటుంది, దాని కింద ఈయన సొంతది చెరిగిపోతుంది."

ఒక్కసారి నడిచినా గడ్డి కొంత వంగుతుందిగా. క్వార్టరులో ఆయన ఆ రోమ్ దొరల పద్ధతిలో మంచం మీద పక్కకు ఒరిగి పడుకుని అన్నం తినడం మొదలుపెట్టాడు. "పసిపిల్లాడిలా ఏందండీ ఇది, లేచి కూర్చోండి" అంటే సిగ్గుపడి లేచేవాడు. ఒకరోజు షామీర్‌పేటలో రేషన్ షాపు ముందు నిలబడి, బియ్యం తూకం తక్కువేస్తున్నాడని డీలరును అడ్డమైన తిట్లూ తిట్టాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. మా ఆయనకు తూకాల సంగతి ఆవగింజంత తెలియదు. ఆ కోపం సెరేనస్‌ది.

నిజం చెప్పొద్దూ, ఆ సెరేనస్ మంచివాడు. గద్దెనెక్కగానే ధనవంతుల కొట్లు తెరిపించి ఆకలితో మాడేవాళ్ళకు గింజలు పంచాడు. ధనవంతులు సిగిమర్ చెవి కొరికారు. బొమ్మనుకుని కూర్చోబెట్టినవాడు మనిషిగా కదిలేసరికి సిగిమర్‌కు ఒళ్ళు మండింది. ఇదంతా మా ఆయన నోట వింటూ నేను వంటగదిలో కూడా అతని గురించే బెంగపెట్టుకునేదాన్ని.

ఒళ్ళు మండింది సిగిమర్‌కొక్కడికేనా, నాకూ మండింది. సెరేనస్‌కు ఒక భార్య ఉంది. సబీనా. మొదటిరోజు అతను ఊదా గుడ్డ కప్పుకుని ఇంటికెళితే "ఈ రంగు మీకు నప్పలేదు, విప్పి రండి, అన్నం చల్లారిపోతోంది" అందట. ఆ మాట చెబుతూ మా ఆయన కుర్చీలో కూర్చుని మురిసిపోయాడు. నా వైపు ఎన్నడూ అట్లా చూసి మురిసింది లేదు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం కునుకులో "సబీనా" అని పిలిచాడు. నేను చెంబెడు నీళ్ళు ముఖాన కొట్టాను.

"ఎవతండీ అది?"

ఆయన ఉలిక్కిపడి లేచి, నీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "అలిగావటే హైమా? చచ్చి పదిహేను వందల ఏళ్ళు దాటిన ఆడమనిషి మీద అలక ఏందే."

నాకు నవ్వు రాలేదు. సువర్చల దగ్గరికెళ్ళి ఆ సబీనా ఏమైందని అడిగాను. "పాత గ్రంథంలో ఒక్క వాక్యమే ఉందండీ. సెరేనస్‌ను దించిన వారంలోనే ఆమెను చంపేశారు. ఆ సంగతి అతనికి చివరిదాకా ఎవరూ చెప్పలేదట" అంది. అలక ఎటుపోయిందో పోయింది. రాత్రి అన్నం సయించలేదు.

చివరి ఘట్టం మిగిలింది. రాజును దించే ఘట్టం. దాని తర్వాత అతన్ని తరిమేసిన దీవిలో బతికిన రోజుల జోలికీ, చావు జోలికీ వెళ్ళేది లేదని సువర్చల ముందే తేల్చేసింది. నేను ఇదీ వద్దన్నాను. "చాలండి, ఇంటికి పోదాం. మీరు నిద్రలో నా పేరే మర్చిపోతున్నారు" అని బతిమాలాను.

"దించే ఘట్టం లేకుండా రాజు కథేముందే" అన్నాడు ఆయన. "ఇంత కట్టి, అసలు పద్యం దగ్గర తెర దించుకుని పారిపొమ్మంటావా? ఒక్కసారేగా. నువ్వు పిలువు, నేనొస్తాను. ఎప్పుడన్నా రాకుండా ఉన్నానా?"

ఎప్పుడూ రాకుండా లేడు. అదే నా ధైర్యం కూడా.

ఆ పొద్దున గదిలో పరిశోధకులందరూ చేరారు. ఎవరూ దగ్గకూడదు, చప్పట్లు కొట్టకూడదు అని సువర్చల ఒకటికి రెండుసార్లు చెప్పింది. తను మొదటి వరసలో, నేల మీద కూర్చుంది. కుర్చీ ఇస్తే వద్దంది. ఖాదర్ అన్నయ్య శ్రుతి పట్టాడు.

నది మీద వంతెన. ద్రాక్షపళ్ళ బుట్టలతో బళ్ళు ఆగిపోయి ఉన్నాయి. అవతలి ఒడ్డున సిగిమర్ మనుషులు. ఇవతల సెరేనస్ వెనక నడిచి వచ్చిన సైనికులు ఒక్కొక్కరే తలలు తిప్పుకుంటున్నారు. డాలు మీద ఎత్తినవాళ్ళు వాళ్ళే. వస్త్రం విప్పి ఇచ్చేస్తే నీ భార్య జోలికి రామని సిగిమర్ కబురు పంపాడు. మా ఆయన అదంతా మెల్లగా, ఎవరికో చెప్పుకుంటున్నట్టు చెప్పాడు. తర్వాత లేచి నిలబడి, భుజం మీద లేని వస్త్రాన్ని తన చేత్తోనే తీసి, మడతపెట్టి, నేల మీద ఉంచాడు. ఖాదర్ అన్నయ్య వేళ్ళు వాటంతట అవే ఏడుపు పలికించే శుభపంతువరాళి రాగంలోకి జారాయి. ఆయన పద్యం ఎత్తుకున్నాడు. ఎవరూ రాసిచ్చింది కాదు, అప్పటికప్పుడు వచ్చింది.

మీరె యెత్తితి రొకనాడు మీరె దించు
చుంటి రిదె చూడు డీ వస్త్ర శోభ మీదె
కోర రాజ్యము నిక నేను గూడు చాలు
చెప్పు డొక్కటి నా దేవి క్షేమమేన?

చివరి పాదం దగ్గర రాగం తీశాడు. అమ్మో, ఆ రాగం! గొంతు పోయిందని ఊళ్ళో అనుకునే మనిషి, ఊపిరి ఎక్కడ దాచుకున్నాడో తెలియదు. పైకి, ఇంకా పైకి తీసుకెళ్ళి అక్కడ "క్షేమమేన" అని వదిలేశాడు. జవాబు రాలేదు. మోకాళ్ళ మీద కూలిపోయాడు. గదిలో ఒక్కరి కళ్ళూ పొడిగా లేవు. ఇంత గొప్పగా ఆయన ఎన్నడూ పాడలేదు. ఆ సంగతి ఆయనకు చెప్పాలని తహతహలాడాను.

ఏడుపు దిగమింగి నూనె గిన్నెతో వెళ్ళాను. నుదురు తుడిచాను, చెంపలు తుడిచాను. "ఏమండీ, ఇంటికి పోదామా" అన్నాను. భుజాలు నిటారుగా అయ్యాయి. కళ్ళు నా వైపు తిరిగాయి. ఆయనే, మా ఆయనే. పెదవి కదిలింది.

"వన్స్ మోర్!"

సువర్చల. ముందు వరసలో నేల మీద కూర్చున్న సువర్చల. చెంపల మీద నీళ్ళు కారుతుండగా, చిన్నపిల్లలా చెయ్యెత్తి, గదంతా మోగేలా అరిచింది. అరిచాక తనకే వినపడింది. రెండు చేతులతో నోరు నొక్కుకుంది.

నేను ఆవిడనేమీ అనను. పొన్నూరు చాప మీద పెరిగిన పిల్ల. అట్లాంటి పద్యం వింటే ఆ మాట రాకుండా ఆపడం మా వైపు పుట్టినవాళ్ళ వల్ల కాదు. నా నాలుక చివరకూ వచ్చింది.

మా ఆయన నన్ను చేత్తో మృదువుగా పక్కకు జరిపాడు. లేచాడు, ఒళ్ళు దులుపుకున్నాడు. జనానికి దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం పిచ్చేశ్వరరావుది. అదే ఆఖరు.

"వద్దండీ, వద్దు!" అని నేను ఆయన కాళ్ళు పట్టుకున్నాను. "బావా, ఆగు!" అని ఖాదర్ అన్నయ్య పెట్టె మూసేశాడు. టోపీ లాగబోయిన ఇంజనీరును సువర్చల అడ్డుకుంది, లాగితే ప్రాణం పోతుందని. శ్రుతి లేకుండానే ఆయన మొదటి నుంచి ఎత్తుకున్నాడు. వంతెన, బళ్ళు, తలలు తిప్పుకున్న సైనికులు, వస్త్రం, పద్యం. మొదటిసారికంటే బాగా పాడాడు.

అయిపోయాక నూనె రాశాను, పిలిచాను. మళ్ళీ పిలిచాను. సాయంత్రందాకా పిలుస్తూనే ఉన్నాను. చివరికి ఆయన కళ్ళు తెరిచి, నన్ను చూసి, మర్యాదగా చేతులు జోడించాడు.

"ఎవరమ్మా నీవు? నా సబీనా క్షేమమేనా? నీకేమైనా తెలియునా?"

ఆ జ్ఞాపకం పూర్తిగా ఆయనదైపోయాక, టోపీ యంత్రం ఎప్పుడో దానంతటది ఆగిపోయింది.

తెనాలి తీసుకొచ్చేశాను. రోజూ పొద్దున్నే గిన్నె పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళేదాన్ని. ముఖం తుడిచి పిలిచేదాన్ని. మా పెళ్ళి సంగతులు చెప్పేదాన్ని, రేపల్లె ఆట చెప్పేదాన్ని. ఏడ్చేదాన్ని. ఆయన ఓపిగ్గా వినేవాడు. "నీ పెనిమిటి తప్పక దొరకును తల్లీ" అని నన్నే ఓదార్చేవాడు. ఒకరోజు తట్టుకోలేక గిన్నె గోడకేసి కొట్టాను.

నానాటికీ ఆయన తిండి తగ్గించేశాడు. సబీనా కబురు తెలిసేదాకా ముద్ద ముట్టనని మొండికేశాడు. ఖాదర్ అన్నయ్య దూతలా వచ్చి "క్షేమమే ప్రభూ" అని చెప్పి చూశాడు. "సిగిమర్ దూతలును ఇట్లే చెప్పిరి. నా కన్నులార చూడవలె" అన్నాడు. సెలైన్లు ఎక్కించారు. చెంపలు లోపలికి పోయాయి.

సువర్చల ప్రతివారం వచ్చేది. ఉద్యోగం మానేసిందని తర్వాత తెలిసింది. గుమ్మంలోనే నిలబడేది, లోపలికి రమ్మంటే గానీ వచ్చేది కాదు. ఆ రోజు ఖాదర్ అన్నయ్య కూడా ఉన్నాడు.

"బావ ఎదుటి పాత్ర మాట కోసం నిలబడిపోయాడు చెల్లెమ్మా" అన్నాడు ఖాదర్ అన్నయ్య. "అవతలివాళ్ళు మాట అందియ్యకపోతే స్టేజీ మీద బావ ఎంతసేపైనా అట్టాగే నిలబడేవాడు గదా. ఆ మాట నువ్వు అందియ్యాలి."

"నేనా? ఆవిడగానా?"

"నువ్వే."

"చస్తే చెప్పను" అన్నాను. "ఆయన నన్ను నా పేరెట్టి పిలవాలి. నేను హైమావతిని. నన్ను చూసి హైమా అనాలి. నా మొగుడి దగ్గర నేను ఇంకో ఆడదాన్నవ్వాలా? ఇదేం న్యాయం అన్నయ్యా?"

సువర్చల తల దించుకుని అంది. "మీకు అబద్ధం చెప్పలేనండీ. చెప్పకపోతే ఆయన ఈ నెల దాటడం కష్టం. చెబితే ఆయన తింటారు, బతుకుతారు. కానీ ఆ జవాబుతో ఆ జ్ఞాపకం పూర్తయి పాతుకుపోతుంది. ఇక పిచ్చేశ్వరరావుగారు ఏ మూలన్నా మిగిలి ఉన్నా, బయటికొచ్చే దారి ఉండదు."

"ఇంకా మిగిలున్నాడా?"

"తెలియదండీ. నిజంగా తెలియదు."

తెలియదన్న ఆ ఒక్క మాట మీద నేను ఇంకా కొన్నాళ్ళు వేలాడాను. ఏదో ఒక పొద్దున "ఆఁ, పద" అంటాడని. ఒకరోజు చెయ్యి పట్టుకుంటే పుల్లలా ఉంది. నాకోసం ఆయన్ని ఆకలితో చంపుతున్నానా అనిపించింది. ఆ మాట మనసులోకి వచ్చాక ఇక ఆగలేకపోయాను.

తలంటు పోసుకున్నాను. ఖాదర్ అన్నయ్య నాటక సమాజం వాళ్ళ పెట్టెలోంచి పాత రాణి చీర తెచ్చాడు. అద్దం ముందు కూర్చుని జీవితంలో మొదటిసారి ముఖానికి రంగు వేసుకున్నాను. కాటుక చెదిరింది. ఇన్నేళ్ళూ ఆయన ముఖం మీంచి తుడిచిన రంగు ఇంత బరువుంటుందని నాకు తెలియదు.

తలుపు తీసి గుమ్మంలో నిలబడ్డాను. ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పద్యం నాకెక్కడొచ్చు, రాగం నాకెక్కడొచ్చు. నాకు తెలిసిన సబీనా మాట ఒక్కటే.

"ఆ రంగు మీకు నప్పలేదని ముందే చెప్పాను. విప్పేసి మంచి పని చేశారు. లేవండి, అన్నం చల్లారిపోతోంది."

ఆయన ఇటు తిరిగాడు. నన్ను చూశాడు. ఆ చూపు నేను మరిచిపోలేను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా వైపు అట్లా చూస్తాడని నేను ఎదురుచూసిన చూపు అది. "క్షేమమే" అన్నాడు. "నా దేవి క్షేమమే" అని మళ్ళీ అని, నా చేతులు తన కళ్ళకు ఆనించుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఆయన సంతోషానికి ఏడుస్తున్నాననుకున్నాడు. అనుకోనిచ్చాను.

ఆ మధ్యాహ్నం కూర్చుని కడుపునిండా తిన్నాడు.

ఏడాది కావస్తోంది. ఇప్పుడు ఒళ్ళు చేశాడు. పొద్దున్నే వాకిట్లో కూర్చుని పిచ్చుకలకు నూకలు కొలిచి వేస్తాడు. రాజ్యం ఊసెత్తడు. గూడు చాలన్నాడుగా, ఈ గూట్లో హాయిగానే ఉన్నాడు. ఖాదర్ అన్నయ్య వస్తే పెట్టె వినిపించమంటాడు, పాడడు. నన్ను సబీనా అని పిలిస్తే పలుకుతాను. వీధిలో ఎవరైనా హైమావతీ అని పిలిస్తే ఒక్క క్షణం ఆగి వెనక్కి తిరుగుతున్నాను.

నిన్న ఇడ్లీ పెడుతుంటే ఆయనకేదో గుర్తొచ్చింది.

"సబీనా, నీవు రాకముందు ఒక ఇల్లాలు నిత్యము నా కడకు వచ్చుచుండెడిది. పెనిమిటి తప్పిపోయినాడని ఒకటే ఏడ్చెడిది, పాపము. ఈ మధ్య వచ్చుట లేదేమి? ఆమె భర్త దొరకినాడా?"

చెంచా గిన్నెలో పెట్టాను. ఆయన నా ముఖంలోకే చూస్తున్నాడు, నిజంగా ఆ మనిషి కోసం దిగులుపడుతూ.

"దొరికాడటండీ" అన్నాను.

"పోనిమ్ము, మంచి మాట చెప్పితివి" అన్నాడు, కంచం ముందుకు జరిపి ఇంకో ఇడ్లీ వేయమన్నాడు.